ఓపెన్ ఎంత? క్లోజ్ ఎంత?

నాకు పదకొండేళ్లప్పుడు మా చిన్నాయన నా నిక్కరు జేబులో మడిచిన కాగితం ఒకటి పెట్టి, ‘‘యాడా నిలబడొద్దు. ఎవురన్నా అడిగితే మందుల చీటీ అని చెప్పు’’ అన్నాడు.

ఇంటి నుంచి రోడ్డు మీది టీ అంగడి దాకా అర కిలోమీటరు. అక్కడ బైకు మీద కూర్చున్న ఒకాయనకు ఆ కాగితం ఇవ్వాలి. ఇస్తే నాకు ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్. ఒక రోజు చింతచెట్టు కింద ఆగి కాగితం విప్పి చూశాను. నీలం ఇంకుతో అన్నీ అంకెలే. 47–10. 83–20. 5 ఓపెన్–50. పేర్లు లేవు. ఒక్కో అంకె పక్కన ఒక్కో అక్షరం మాత్రం ఉంది. ఇది మందుల చీటీ కాదని నాకు అర్థమైపోయింది. కానీ బిస్కెట్లు బాగుండేవి. మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

మాది అనంతపురం జిల్లా విడపనకల్లు మండలం. ఊరి పేరు రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

సీమలో నేరం అంటే చాలామందికి సినిమా గుర్తొస్తుంది. సుమోలు, కొడవళ్లు, గాల్లోకి లేచే మనుషులు. నేను నా కళ్లతో చూసిన ముఠా వ్యవహారంలో ఇవేవీ లేవు. చొక్కా జేబులో పట్టే ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను, సాయంత్రమయ్యేసరికి టీ అంగడి దగ్గర అందరూ అడిగే ఒకే ఒక్క ప్రశ్న ఉండేవి: ‘‘ఓపెన్ ఎంతొచ్చిందప్పా?’’

ఆ కాగితం ఎక్కడికి పోతుందో సగం తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది. మిగతా సగం 2025 మార్చిలో, మా తమ్ముడి బ్యాంకు అకౌంట్ ఆగిపోయిన రోజు తెలిసింది.

న్యూయార్క్ పత్తి, బొంబాయి కుండ

మట్కా అంటే హిందీలో కుండ. కానీ ఈ ఆట కుండతో మొదలు కాలేదు, పత్తితో మొదలైంది. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్‌లో పత్తి ధర ఎంతకు మొదలైంది, ఎంతకు ముగిసింది అన్నది బొంబాయికి టెలిప్రింటర్ మీద వచ్చేది. ఆ ఓపెనింగ్, క్లోజింగ్ రేట్ల మీద జనం పందేలు కాసేవాళ్లు. మా ఊరి టీ అంగడి దగ్గర ఇప్పటికీ వినిపించే ‘ఓపెన్’, ‘క్లోజ్’ అన్న మాటలు అక్కడివే. పత్తి పండించే మా నల్లరేగడి రైతులకు, వాళ్లు ఆడే జూదం కూడా పత్తి బజారులో పుట్టిందని తెలీదు.

1961లో న్యూయార్క్ నుంచి ఆ రేట్లు రావడం ఆగిపోయింది. పందెం మాత్రం ఆగలేదు. 1962లో కచ్ నుంచి వచ్చిన కల్యాణ్‌జీ భగత్ వర్లీలో తన సొంత ఆట మొదలుపెట్టాడు. 1964లో, దేశవిభజనప్పుడు కరాచీ నుంచి వలస వచ్చిన రతన్ ఖత్రీ ‘న్యూ వర్లీ మట్కా’ పెట్టాడు. చీటీలు కుండలో వేసి తీయడం పోయి పేకముక్కలు వచ్చాయి. పేరు మాత్రం కుండే మిగిలింది. బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు దీనికి పెద్ద గిరాకీ. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆట మూతపడలేదు, ఊళ్లు పట్టుకుని తిరిగింది.

మా జేజి చెప్పే లెక్క ప్రకారం మట్కా మా ఊరికి గుంతకల్లు నుంచి వచ్చింది. ముంబై, చెన్నై లైను మీద పెద్ద జంక్షన్ అది. రైలెక్కి కూలికి పోయినోళ్లు డబ్బుతో పాటు ఈ అలవాటూ తెచ్చుకున్నారంటుంది. నిజమో కాదో గానీ, నేను పుట్టేసరికి మాత్రం అది మా ఊర్లో కరెంటు కంటే నమ్మకంగా వచ్చేది. కరెంటు పోయినా ‘కల్యాణి’ నంబరు రాకుండా ఉండేది కాదు.

నేను చీటీలు మోసిన ఏడాది 2008. అదే ఏడాది జూన్‌లో కల్యాణ్‌జీ కొడుకు సురేశ్ భగత్ ప్రయాణిస్తున్న కారును లారీ గుద్దింది. ఆయన, కారులో ఉన్నవాళ్లు చనిపోయారు. అది ప్రమాదం కాదు, హత్య అని తేలింది. 2013లో ముంబై కోర్టు ఆయన భార్యకు, కొడుక్కు, మరికొందరికి జీవిత ఖైదు వేసింది. మట్కా సామ్రాజ్యం ఎవరిది అన్నదే గొడవ. మా చింతచెట్టు కింద నేను విప్పిన కాగితం మీది పది రూపాయలు అలాంటి లోకంలోకి పోతున్నాయని అప్పుడు నాకేం తెలుసు?

లెక్క చూద్దాం రండి

ఆట ఇదీ. సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెల్లో మూడు తీస్తారు. వాటిని కూడితే వచ్చే సంఖ్యలో చివరి అంకె ‘ఓపెన్’. ఉదాహరణకు 2, 5, 8 వస్తే మొత్తం 15. ఓపెన్ 5. కాసేపటికి ఇంకో మూడు తీస్తారు. అందులోంచి వచ్చేది ‘క్లోజ్’. రెండూ పక్కపక్కన పెడితే ‘జోడి’. 00 నుంచి 99 వరకు వంద జోడీలు.

జోడి తగిలితే రూపాయికి ఎంత అన్నది ఊరిని బట్టి, రాసుకునేవాణ్ని బట్టి మారుతుంది. మా దగ్గర నేను విన్నది 80. అంటే పది రూపాయలు పెడితే 800. వినడానికి అబ్బో అనిపిస్తుంది. ఇప్పుడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి.

తగిలే అవకాశం వందలో ఒకటి. ఒక మనిషి రోజూ పది రూపాయల లెక్కన వంద రోజులు ఆడితే పెట్టింది వెయ్యి. సగటున తిరిగొచ్చేది 800. పోయేది 200. అదీ ఆట నిజాయితీగా జరిగితే. ఇంకో లెక్క వినండి. వంద రోజులు వరుసగా ఆడినా ఒక్కసారి కూడా తగలనివాళ్లు వందలో 36 మందికి పైనే ఉంటారు.

మరి జనం ఎందుకు ఆడతారు? ఒక చోట రోజుకు 300 మంది ఆడుతున్నారనుకోండి. సగటున ముగ్గురికి తగులుతుంది. ఆ ముగ్గురూ ఊరంతా చెప్పుకుంటారు. టీలు తాగిస్తారు. మిగతా 297 మంది ఇంటికి పోయి పడుకుంటారు. తగిలినోడి కథ తెల్లారేసరికి నాలుగు ఊర్లు తిరుగుతుంది. పోయినోడి కథ వాళ్లింటి గడప కూడా దాటదు.

పైగా నంబరు ఎవరు తీస్తున్నారు, ఎక్కడ తీస్తున్నారు, ఆడేవాడికి కనపడదు. ఏ నంబరు మీద ఎంత పడిందో ముందే తెలిసినవాడు, తక్కువ పడిన నంబరు తీయడని ఏంటి గ్యారంటీ? అడగడానికి కోర్టు లేదు, కౌంటర్ లేదు. చీటీ మీద రసీదు కూడా ఉండదు.

బీటరు అనే మనిషి

పేపర్లో ‘మట్కా బీటర్ల అరెస్ట్’ అని చిన్న వార్త వస్తుంటుంది. నలుగురు మనుషులు తలొంచుకుని నిలబడతారు. ముందర టేబుల్ మీద కొన్ని వందల నోట్లు, చీటీలు, పెన్నులు. అలాంటి ఒక ఫొటోలో మా చిన్నాయన ఉన్నాడు. ఎడమ నుంచి రెండోవాడు.

బీటరు అంటే ఊర్లో చీటీలు రాసేవాడు. అతనికి వచ్చేది కమిషన్. చీటీలన్నీ పోగై పైనున్న వాడికి పోతాయి. మా దగ్గర వాణ్ని ‘కంపెనీ’ అంటారు. ఆ కంపెనీకి బోర్డు లేదు, ఆఫీసు లేదు. కంపెనీ మీద ఇంకో పెద్ద కంపెనీ. కింద ఉన్నవాడికి పైవాడి ఫోన్ నంబరు మాత్రమే తెలుసు. ఆ పైన ఉన్నవాడు ఎవరో తెలీదు. తెలీకుండా ఉండటమే ఈ వ్యాపారానికి పునాది.

పోలీసులు పట్టుకుంటే చిన్నాయన స్టేషన్లో కూర్చునేవాడు. జరిమానా కట్టేవాడు. మూడో రోజు మళ్లీ నోట్‌బుక్కు తీసేవాడు. మా పిన్నమ్మ తిట్టేది. ‘‘పైన వాన లేదు, కింద బోరులో నీళ్లు లేవు. ఇంగేం జేయమంటావ్?’’ అనేవాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. మా జిల్లాలో ఏడాదికి సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదైనా సమయానికి పడితే అదృష్టం. తుంగభద్ర హెచ్చెల్సీ కాలువ నీళ్లు అందే చోట మిరప, అందని చోట వేరుశనగ, పప్పుశనగ, పత్తి. విత్తనం భూమిలో వేసి ఆకాశం వైపు చూసేవాడికి పది రూపాయల చీటీ పెద్ద పాపంగా కనపడదు. కంపెనీవాళ్లకు ఇది బాగా తెలుసు. వాన పడని ఏడాదే వాళ్లకు పంట.

ఒకసారి ఏమైందంటే, ఒకాయన 200 రూపాయలు ఒకే జోడి మీద పెట్టాడు. తగిలింది. 16,000 ఇవ్వాలి. చిన్నాయన పైకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. మర్నాడూ స్విచాఫ్. మూడో రోజు గెలిచినాయన తన అన్నదమ్ముల్ని తీసుకుని మా ఇంటి ముందుకు వచ్చాడు. రెండు ఎనుములు అమ్మి చిన్నాయన ఆ డబ్బు కట్టాడు. వారం తర్వాత కంపెనీ ఫోన్ ఆన్ అయింది. ‘‘సిమ్ము పాడైందప్పా’’ అన్నాడట.

లాభం పైకి, నష్టం కిందికి. ఈ ఒక్క ముక్క అర్థమైతే ప్రపంచంలో ఏ ముఠా ఎట్లా నడుస్తుందో అర్థమైనట్టే.

నేనిచ్చిన 62

ఇప్పుడు చెప్పేది నేను ఎవరికీ చెప్పలేదు.

మా పక్కింట్లో ఒకామె ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ని. భర్త లేడు. మిరపకాయలు తెంపే కూలికి పోయేది. మట్కాలో ఆడవాళ్లు ఆడరని మీరనుకుంటే పొరపాటు. వాళ్లు అంగడి దగ్గరికి రారు, అంతే. పిల్లల చేత పంపిస్తారు. మా ఊర్లో కలలో పామొస్తే ఒక నంబరు, పెళ్లి కనపడితే ఇంకో నంబరు. బస్సు నంబరు ప్లేటు చూసి ఆడేవాళ్లు, పిచ్చోడు గొణిగిన మాటలో అంకె వెతికేవాళ్లు కూడా ఉన్నారు.

నా పదో తరగతి పరీక్షలప్పుడు పెద్దమ్మ వచ్చి, ‘‘సదువుకునేటోడివి కదా నాయనా, ఒక నంబరు చెప్పు’’ అనింది. నవ్వులాటకు నా హాల్‌టికెట్ చివరి రెండు అంకెలు చెప్పాను. 62.

ఆ రోజు 62 వచ్చింది.

ఆమెకు 800 వచ్చాయి. నాకు ఒక కొత్త చొక్కా గుడ్డ కొనిచ్చింది. ఆ ఎండాకాలమంతా రోజూ పొద్దున్నే వచ్చి అడిగేది. నేను నోటికొచ్చిన అంకె చెప్పేవాణ్ని. నిజం చెప్పాలంటే నాకు భలే గర్వంగా ఉండేది. పది రూపాయల చీటీ ఇరవై అయింది, యాభై అయింది. పోయినదాన్ని పట్టుకోవడానికి ఇంకొంచెం, దాన్ని పట్టుకోవడానికి మరికొంచెం. ఆ పరుగు ఎక్కడా ఆగదు. జూన్ వచ్చేసరికి ఆమె చెవులకు కమ్మలు లేవు. వాటి స్థానంలో చీపురు పుల్లలు.

నన్ను ఒక్క మాట అనలేదు. ‘‘నీ నంబరు మంచిదే నాయనా, నా నొసట రాత బాగలేదు’’ అనింది.

జూదంలో ఓడిపోవడం కంటే ప్రమాదమైంది మొదట్లో గెలవడం. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గీతకు అటూ ఇటూ

మా మండలానికి పడమట బళ్లారి జిల్లా. ఒకప్పుడు అనంతపురమే బళ్లారి జిల్లాలో ఉండేది, 1882లో విడదీశారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. మ్యాపులో గీత పడింది గానీ మనుషుల మధ్య పడలేదు. మా ఆడపిల్లలను అటు ఇస్తాం, అటు పిల్లలను ఇటు తెచ్చుకుంటాం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం.

గీత పనికొచ్చింది ఇంకొకరికి. ఈవైపు పోలీసులు తిరుగుతుంటే నోట్‌బుక్కు ఆవైపు పోతుంది. ఆవైపు తిరుగుతుంటే ఈవైపు వస్తుంది. రెండు రాష్ట్రాల స్టేషన్లు మాట్లాడుకుని కాగితాలు కదిపేలోగా క్లోజ్ నంబరు కూడా వచ్చేసి ఉంటుంది.

2019 అక్టోబర్ 1 నుంచి మన రాష్ట్రంలో మద్యం షాపులు ప్రభుత్వం చేతిలోకి వెళ్లి, ధరలు బాగా పెరిగినప్పుడు ఈ దారుల్లో కొత్త సరుకు ఎక్కింది. కర్ణాటక 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్లు. దాన్ని ఆపడానికి 2020లో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టారు. పాల క్యాన్లలో, గడ్డి బండ్లలో, స్కూటర్ సీట్ల కింద ప్యాకెట్లు దొరికిన వార్తలు మాకు రోజూ పేపర్లో కనపడేవి. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాక ఆ జోరు తగ్గింది.

నేను గమనించింది ఒకటే. సరుకు మారుతుంది, దారి మారదు. చీటీ మోసిన కుర్రాడే ప్యాకెట్ మోశాడు. రేపు వాడి చేతికి గంజాయి పొట్లం ఇస్తే? ‘‘మందుల చీటీ అని చెప్పు’’ అనడానికి ఒక చిన్నాయన ఎప్పుడూ ఉంటాడు.

కాగితం పోయి యాప్ వచ్చె

మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, బళ్లారిలో డిగ్రీ చదువుతున్నాడు. మట్కా అంటే వాడికి నవ్వు. ‘‘అది ముసలోళ్ల ఆట లేన్నా’’ అనేవాడు. 2024 ఐపీఎల్ అప్పుడు క్లాస్‌మేట్ ఒకడు వాడికి ఒక ‘ఐడీ’ ఇప్పించాడు. యాప్ లింకు వాట్సాప్‌లో, గెలిచినవాళ్ల స్క్రీన్‌షాట్లు టెలిగ్రామ్‌లో. మొదట 500 వేస్తే 1,200 అయింది. విత్‌డ్రా కొడితే నిజంగానే అకౌంట్లో పడ్డాయి.

నాకు ఆ ముక్క చెప్పినప్పుడు నా వెన్నులో చలి పుట్టింది. పెద్దమ్మ 62.

తర్వాత కథ మీకు తెలిసిందే. పోయింది, అప్పు చేశాడు, అదీ పోయింది. 2024 డిసెంబర్‌లో ఆ క్లాస్‌మేటే ఒక దారి చూపించాడు. ‘‘నీ అకౌంట్ కొన్నాళ్లు వాడుకుంటారు. నెలకు ఐదు వేలు. నువ్వేం చేయక్కర్లేదు.’’ వీడు ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు, ఆ అకౌంట్‌కు లింకైన సిమ్ము ఒక కవర్లో పెట్టి, బస్టాండులో ముఖం కూడా సరిగా చూడని మనిషికి ఇచ్చి వచ్చాడు.

దీన్ని ‘మ్యూల్ అకౌంట్’ అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. మోసేది అదే, దెబ్బలు తినేదీ అదే. బెట్టింగ్ యాప్‌లకు, సైబర్ మోసగాళ్లకు డబ్బు తీసుకోవడానికి సొంత పేరు మీద అకౌంట్ ఉండదు. ఉంటే దొరికిపోతారు. అందుకే విద్యార్థులవి, కూలీలవి వందల అకౌంట్లు అద్దెకు తీసుకుంటారు. ఎవరో ఎక్కడో మోసపోయి పంపిన డబ్బు ఈ అకౌంట్లోకి వచ్చి, నిమిషాల్లో ఇంకో నాలుగు అకౌంట్లలోకి పోతుంది. వీటిని కనిపెట్టడానికే రిజర్వ్ బ్యాంక్ ఇన్నోవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్’ అనే ఏఐ టూల్ తయారు చేసింది. సమస్య ఎంత పెద్దదో దీన్నిబట్టే తెలుస్తుంది.

2025 మొదట్లో మిర్చి ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రమే కలగజేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. చిన్నాయన ఇంకా ఆగలేక మార్చిలో సరుకు తెగనమ్మాడు. వ్యాపారి ‘అకౌంట్ నంబరు చెప్పు’ అంటే, తనకు ఫోన్లో చూసుకోవడం రాదని కొడుకు నంబరు ఇచ్చాడు. ఆయన దగ్గరున్నది కొడుకు ఎప్పుడో రాసిచ్చిన పాత చీటీ. ఏ అకౌంటో మీకు అర్థమైంది కదా. లక్షా నలభై రెండు వేలు.

డబ్బు పడిన రోజే అకౌంట్ స్తంభించింది. బ్యాంకుకు పోతే, వేరే రాష్ట్రంలో సైబర్ ఫిర్యాదు నమోదైందన్నారు. కొన్నాళ్లకు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. ఆ భాష మాకు చదవడం రాదు. వాడి అకౌంట్లో మూడు నెలల్లో తిరిగిన డబ్బు చూసి మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. అందులో వాడికి దక్కింది పదివేలు.

చిన్నాయన కొట్టలేదు, తిట్టలేదు. అరుగు మీద చాలాసేపు కూర్చుని ఒక మాట అన్నాడు:

‘‘పదేండ్లు మట్కా రాసినా. ఏపొద్దూ చీటీ మీద ఒక్క పేరు రాయలేదు. వీడు సూడు, ఫొటో, ఆధారు, సంతకం, అన్నీ ఇచ్చి వచ్చినాడు.’’

అప్పుడు నాకు ఆ కాగితం పూర్తిగా అర్థమైంది. ఆ రోజుల్లో కంపెనీకి పేరు లేదు, ఆడేవాడికీ పేరు లేదు. ఇప్పుడు కంపెనీకి పేరు లేదు. ఆడేవాడికి మాత్రం కేవైసీ ఉంది.

చట్టం ఏమంటోంది?

ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నాటిది. అందులో జరిమానాలు చిన్నవి, అందుకే చిన్నాయన లాంటివాళ్లు మూడో రోజు మళ్లీ కూర్చునేవాళ్లు. 2020 సెప్టెంబర్‌లో దాన్ని సవరించారు. ఆన్‌లైన్ జూదాన్ని కూడా నిషేధించారు. నడిపేవాళ్లకు మొదటిసారి ఏడాది, మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు. ఆడేవాళ్లకు ఆరు నెలల వరకు.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 112 చాలామంది చూసి ఉండరు. ముఠాలో భాగంగా అనుమతి లేని బెట్టింగ్, జూదం నడిపితే దాన్ని ‘చిన్న తరహా వ్యవస్థీకృత నేరం’ అంటుంది. ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు. గొలుసు దొంగతనం, ప్రశ్నపత్రాలు అమ్మడం కూడా అదే సెక్షన్లో ఉన్నాయి. అంటే టీ అంగడి నోట్‌బుక్కును చట్టం ఇప్పుడు ముఠా పని కిందే చూస్తోంది.

2025 ఆగస్టు 22న ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఈ చట్టం ఆడేవాణ్ని నేరస్తుడిగా కాకుండా బాధితుడిగా చూస్తుంది. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టడం మీరు చూసే ఉంటారు.

చట్టాలు గట్టివే. కానీ ఒక మాట. ఫొటోలో ఎప్పుడూ ఎడమ నుంచి రెండోవాడే ఉంటాడు. స్విచాఫ్ చేసినవాడు ఆ ఫొటోలోకి వచ్చే రోజు కోసం నేను చూస్తున్నాను.

మీ దగ్గరికి వస్తే

ఉపన్యాసం ఇవ్వను. మా ఇంట్లో ఆలస్యంగా తెలిసిన నాలుగు సంగతులు చెప్తాను.

ఒకటి. మీ అకౌంట్, సిమ్ము, ఏటీఎం కార్డు ఎవరికైనా వాడుకోవడానికి ఇస్తే, అందులో జరిగే ప్రతి పనికీ ముందు పిలిచేది మిమ్మల్నే. ‘నువ్వేం చేయక్కర్లేదు, నెలకు ఇంత’ అన్నాడంటే అక్కడే లేచి రండి.

రెండు. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచొద్దు. బ్యాంకులో రాతపూర్వకంగా చెప్పి అకౌంట్ ఆపించండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు మీరే వెళ్లండి. వాళ్లు వచ్చేలోగా మీరు పోవడం వేరు. మోసపోయి డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. గంజాయి, డ్రగ్స్ సంగతి తెలిస్తే మన రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972.

మూడు. జూదం వదల్లేకపోవడం సిగ్గులేనితనం కాదు. డాక్టర్లు దాన్ని జబ్బుగానే గుర్తించారు. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మా తమ్ముడు మాట్లాడాడు. మొదటిసారి రెండు నిమిషాల్లో పెట్టేశాడు. రెండోసారి నలభై నిమిషాలు మాట్లాడాడు.

నాలుగు. మీ ఇంట్లో ఎవరైనా గెలిచామని స్క్రీన్‌షాట్ చూపిస్తే, పార్టీ అడగొద్దు. ఆ రోజే పక్కన కూర్చుని మాట్లాడండి. ఓడిపోయాక వాళ్లు మీ దగ్గరికి రారు.

మా మిర్చి డబ్బులు ఇంకా రాలేదు. వ్యాపారి తక్‌పట్టీ, కళ్లం దగ్గరి తూకం కాగితాలు పట్టుకుని చిన్నాయన, నేను తిరుగుతూనే ఉన్నాం. ఆ డబ్బు మా పంటదేనని రుజువు చేసుకోవాలి. చిన్నాయన ఇప్పుడు ప్రతి కాగితం మీద తన పేరు పూర్తిగా, నిదానంగా రాస్తున్నాడు.

పోయినసారి ఊరికి పోయినప్పుడు పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. వయసైపోయింది. పింఛను వస్తోంది. ఇన్నేళ్లకు ధైర్యం చేసి చెప్పేశాను. ‘‘పెద్దమ్మా, ఆ నంబర్లన్నీ నేను ఊరికే నోటికొచ్చినట్టు చెప్పినవి. 62 కూడా అంతే.’’

ఆమె నవ్వింది.

‘‘నాకు తెలుసులే నాయనా. నువ్వు పిల్లోడివి, నీకేం తెలుస్తాది? కానీ ఆ పొద్దు ఎనిమిది నూర్లు చేతిలో పడింది సూడు, అట్లాంటి పొద్దు నా బతుకులో మళ్లా రాలేదు.’’

నాకు ఏం చెప్పాలో తోచలేదు. వంద రోజుల లెక్క, 36 మంది లెక్క, సెక్షన్ 112, అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆ ఒక్క పొద్దుకు బదులుగా ఆమెకు ఇవ్వడానికి మాత్రం ఏమీ లేదు.

ఆమె చెవులకు ఇప్పటికీ పుల్లలే ఉన్నాయి.